గౌరి కొలత

పదిహేడు రోజులు కుస్తీ పట్టి శ్రీరామప్ప తన ఆవు గౌరిని తీసిన డీవీడీలోని వీడియో బొమ్మను ఇంట్లోని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఏడో తరగతి చదువుతోనే, కేజీఎఫ్ బంగారు గనులు మూతపడి కార్మికుల కాలనీల్లో పాలు అడిగేవాళ్లు తగ్గిన ఏడాది కూడా బేతమంగళలో పశువుల కొట్టం నిలబెట్టినవాడికి ఇదొక లెక్కా? కానీ పాల సంఘం సభలో చూపాలంటే ఆ ఫైలును చిన్నది చేయాలన్నారు. చేయబోతే, పూటకు పదహారు లీటర్లిచ్చి జిల్లా పోటీలో గెలిచిన గౌరి, నాలుగేళ్ల కిందట చచ్చిపోయిన గౌరి, తెర మీద కుదురుగా నిలవలేదు. బొమ్మ వెడల్పు, ఎత్తు అంకెలు ఒక తీరుగా వేస్తే ఎనుములా అడ్డంగా సాగింది. ఇంకో తీరుగా వేస్తే ఒంటెలా నిలువుగా లేచింది. రెంటినీ మార్చి మార్చి చూసేసరికి అసలు ఆవు ఎలా ఉండేదో ఆయనకే తెలియకుండా పోయింది. కళ్లద్దాలు తుడుచుకుని, దారం తెచ్చి, తెరకు ఆనించి మూపు నుంచి తోక మొదలు దాకా కొలిచాడు.

"బొమ్మకు దారమేస్తే పాలిస్తుందా?" అంది భార్య అక్కయమ్మ. "లావుగా ఉండేదే పంపిస్తే పోలేదా. చూసినోళ్లు మెచ్చుకుంటారు."

"వాళ్లు మెచ్చుకునేది యా ఆవును? నేను మేపినదాన్నా, ఈ పెట్టె మేపినదాన్నా?"

గౌరి దూడను రాయల్పాడువాళ్లు కొనుక్కుపోయారు. ఇప్పుడది ఈనిన ఆవు, అచ్చం తల్లి పోలిక. దాని పొడవూ ఎత్తూ కొలుచుకొచ్చి తెర మీద సరిచూస్తానని, దారం జేబులో వేసుకుని బస్సెక్కాడు. సభ జూన్ పద్నాలుగున. పన్నెండున, శుక్రవారమే తిరిగొస్తానని, సరిచూడ్డానికి రెండు రోజులు చాలని అక్కయమ్మతో చెప్పి పోయాడు.