నత్తల పంక్తి

మేడ్చల్‌లో మేం అద్దెకున్న ఇంటి ముందుగదిలో ఒక గాజు చేపల తొట్టి ఉండేది. ఊరు మారి వెళ్తూ పక్కింటివాళ్లు దాన్ని మా అమ్మాయికి ఇచ్చిపోయారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నెల తిరక్కుండానే అమ్మాయి మోజు తీరింది. తొట్టి మా అమ్మది అయిపోయింది.

అంతకు ముందు అమ్మ చాలా ఏళ్లు శామీర్‌పేటలో, కరీంనగర్ బస్సులు ఆగేచోట, రేకుల షెడ్డు కింద భోజనం హోటల్ నడిపింది. మోకాళ్లు మొరాయించాక మా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో వంట నా భార్యది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్తే "మీరు కూసోన్రి అత్తమ్మా" అని ప్రేమగానే పంపేసేది. కూర్చోవడం అమ్మకు రాదు. అందుకని చేపలకు మేత వేయడం తన పనిగా పెట్టుకుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. డబ్బాలోని గింజలు చాలవన్నట్టు మెత్తగా నలిపిన మెతుకులు కూడా వేసేది. తన చేత్తో ఒకరికి పెట్టే వీలు ఆమెకు ఆ ఇంట్లో అక్కడొక్కటే మిగిలింది.

నత్తలు ఎప్పుడొచ్చాయో తెలియదు. దుకాణం నుంచి తెచ్చిన నీటి మొక్క ఆకుల అడుగున వచ్చి ఉంటాయి. మొదట ఆవగింజంతవి ఒకటో రెండో కనిపించాయి. తర్వాత అద్దానికి లోపలివైపు జిగురు చుక్కల్లాంటి గుడ్ల ముద్దలు. మరికొన్నాళ్లకు చేపలను నత్తల సందుల్లోంచి చూడాల్సి వచ్చింది. నీళ్లు వాసన పట్టాయి. దసరాకు చుట్టాలొస్తారు, ఆలోగా నత్తలు తగ్గకపోతే తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామంది మా ఆవిడ. అమ్మ మేత డబ్బాను కొంగు చాటుకు తీసుకుంది.

నాకు లెక్కలంటే ఇష్టం. కాలేజీ గడప తొక్కలేదు; వచ్చిన లెక్కలన్నీ లారీల కాటా దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నవే. అక్కడ నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకు తేలుతుంది. నత్తల సంగతీ అంతే అనుకున్నాను. ఉన్నవాటిలోంచి కొన్ని తీసేస్తే ఆ మేరకు తగ్గాలి. చెంచాతో తీశాను. కొన్నాళ్లకే తీసినన్ని మళ్లీ వచ్చాయి. పెద్దవాటిని తీసినకొద్దీ పిల్లవాటికి మేత ఎక్కువ దొరికేది మరి. పైగా ఈ రకంలో ఆడా మగా వేరుగా ఉండవని, ఒక్కటి మిగిలినా సంసారం మళ్లీ మొదలవుతుందని చేపల దుకాణం ఆయన చెప్పాడు. తీసివేతకు లొంగని లెక్క నాకు అదే మొదటిది.

ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. కీరా ముక్కను దారానికి కట్టి సాయంత్రం అడుగుకు దించితే, తెల్లారేసరికి నత్తలన్నీ దానిమీదికి చేరతాయట. ముక్కతో సహా ఎత్తేయడమే. కీరా కోయమంటే అమ్మ సంబరంగా కోసింది. ఎందుకని అడగలేదు. పెట్టడానికి కారణం అడిగే అలవాటు ఆమెకు లేదు.

పొద్దున చూస్తే ముక్క కనబడటం లేదు. నత్తలు అంచు చుట్టూ వరసగా, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ పంక్తి భోజనానికి కూర్చున్నట్టు ఉన్నాయి. నేను దారం పట్టుకున్నాను. అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"తీసేస్తున్ననే అమ్మా. అన్నీ ఒక్కతాన దొరికినయ్."

"తింటుంటెనా?"

హోటల్లో అమ్మకు ఒక పట్టింపు ఉండేది. విస్తరి ముందు కూర్చున్నవాళ్లను లేపకూడదు. బస్సు హారన్ కొడితే తనే వెళ్లి బస్సు ముందు నిలబడేది. తినేవాడు చెయ్యి కడుక్కునేదాకా డ్రైవర్లు గొణుక్కుంటూ ఆగేవారు.

"తినవెట్టి లేపుతర్రా ఎవరన్న?" అంది.

దారం వదిలేశాను. తిన్నాక తీద్దామని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. మధ్యాహ్నానికి ముక్క తొక్క ఒక్కటే మిగిలింది, దాని మీద ఒక్క నత్త లేదు. మా ఆవిడ తొంగిచూసి, "భోజనాలైనయ్, చుట్టాలెల్లిపోయిన్రు. తాంబూలాలిచ్చిన్రా?" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, కానీ దసరా దగ్గరపడుతోందని ఆమెకూ తెలుసు. అన్నిటినీ పట్టుకెళ్లి శామీర్‌పేట చెరువులో వదిలి రమ్మంది. నేను ఒప్పుకోలేదు. గాజుపెట్టెలోనే లెక్క కుదరనివాణ్ని, అంత చెరువులో ఇవి ఎంతవుతాయో ఎక్కడ లెక్క కట్టను?

ఇక అసలు సంగతి చెప్పక తప్పలేదు. అది నాకు ముందే తోచింది, చెబితే అమ్మ చేతిలో ఉన్న ఒక్క పనీ పోతుందని నాన్చుతూ వచ్చాను. చేపలు తినగా అడుక్కు దిగినదే నత్తలవుతోంది. మిగిలిన ప్రతి మెతుకూ గుడ్డవుతోంది. మేత తగ్గితే నత్తలు వాటంతటవే తగ్గుతాయి.

"ఉన్నయి ఆకలికి సస్తయా?"

గబుక్కున చావవని, అద్దానికి పట్టిన పాచి తిని బతుకుతాయని, గుడ్లు మాత్రం తక్కువ పెడతాయని చెప్పాను. అమ్మ వంగి తొట్టి అడుగున పడ్డ మెతుకులను చూసింది.

"హోటల్ల జనాన్ని జూసి ఎసరు వెట్టేదాన్ని. గీడ ఎసరును జూసి జనం పుడుతున్నరు," అంది. మళ్లీ తనే, "పుట్టకముందు ఆపుడు వేరే ముచ్చట. గది తినేటోళ్లను లేపినట్టు కాదు," అంది.

మర్నాటి నుంచి పొద్దున ఒక్కసారే వేసేది. అన్నం మెతుకులు మానేసింది. చేపలు పైకొచ్చి అందుకున్నంతే వేసి, అవి మొహం తిప్పుకుని వెళ్లగానే డబ్బా మూత పెట్టేసేది. మధ్యాహ్నం మాత్రం అలవాటుగా తొట్టి దాకా వచ్చేది. చెయ్యి డబ్బా మీదికి పోయేది, ఆగేది, వెనక్కి వచ్చి కొంగుకు తుడుచుకునేది. ఆ చేతిని నేను చూశాను. మా ఆవిడ కూడా చూసిందని నాకు తర్వాత తెలిసింది.

నత్తలు ఒక్కసారిగా తగ్గలేదు. ముందు అద్దం మీద కొత్త గుడ్లు ఆగాయి. తర్వాత పెద్దవి ఒక్కొక్కటే రాలాయి, వాటి ఖాళీలోకి పిల్లలు రాలేదు. దసరా నాటికి నీళ్లు తేరుకున్నాయి. ఓ గుప్పెడు నత్తలు పాచి గీక్కుంటూ మిగిలాయి. తొట్టిని ఎవరికో ఇచ్చే మాట మళ్లీ రాలేదు.

పండుగ పొద్దున చుట్టాలు దిగుతుంటే, మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. "అత్తమ్మా, ఎసరు మీరే వెట్టాలె. గింతమందికి నాకు అందాజ లేదు."

నిజానికి మా ఆవిడకు అందాజ బాగానే ఉంది. అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఎంతమందని అడిగితే లెక్క నేను చెప్పాను. ఆమె దానికి మించి ఒక గ్లాసు బియ్యం ఎక్కువే పోసింది. ఆ గ్లాసు ఎవరికని నేను అడగలేదు.