మొదటి జత

ఇచ్చోడ దగ్గరి ఆ ఊళ్ళో పొలాల అమావాస్య నాడు ఎడ్లకు పని ఉండదు. వాటిని కడిగి, కొమ్ములకు రంగులు వేశాక మొగవాళ్ళకూ ఉండదు. సాయంత్రం మామిడాకుల తోరణం కింద ఎడ్లను నడిపించేదాకా పత్తాలు పంచుకుని పేకాట ఆడుతూ కూచుంటారు. తోరణం కింద ముందుగా నడిచేది కరుణాకర్ ఇంటి జతే. తాతల నాటి నుంచీ అంతే. మిగతా రోజుల్లో కరుణాకర్ మాట ఊళ్ళో ఎవరూ లెక్కచేయరు. అతనికున్న గౌరవమంతా ఏడాదికోసారి ఆ తోరణం కిందే.

పైగా ఆ జతలోని పెద్దెద్దుకు ఈ ఏడు ఆఖరి పొలాల. మోకాళ్ళు పట్టేశాయి, ఇక కాడి మోయలేదు. దూడప్పటి నుంచి దాన్ని సాకిన అతని భార్య రమ, పొద్దున కొమ్ములకు ఎర్రరంగు పూస్తూ కళ్ళు తుడుచుకుంది. కాస్తంత బుద్ధున్నవాడైతే ఆ పూట ఇల్లు కదలడు. కరుణాకర్ మాత్రం పత్తి నింపే రేకుల షెడ్డుకు పోయి ఆటలో కూచున్నాడు.

పదమూడు ముక్కలు విప్పి చూసుకోగానే అతని మొహం వెలిగింది. పంచినప్పుడే వరుస కుదిరి వచ్చింది, పైగా మిగతా జట్లకు సరిపడా రెండు జోకర్లు. కళావరు ఏడు, ఎనిమిదికి తోడు ఒక్క ముక్క పడితే ఆట అయిపోయినట్టే. నవ్వు దాచుకోవడం అతనికి ఏనాడు చేతనయింది గనక! ఎదురుగా కూచున్న హనుమండ్లు తోరణం కింది ఆ మొదటి జాగా మీద ఎప్పుడో కన్నేసినవాడు. ఇట్టే పసిగట్టాడు.

“అంత మంచిగ వచ్చినయా తమ్మీ? అయితే ముందు జాగ పెడ్తవా పందెం? నేనోడితే జన్మల గా జాగ అడగ.”

“పెడ్త తియ్!” అన్నాడు కరుణాకర్. షెడ్డులో అందరూ విన్నారు.

ఆ ఒక్క ముక్క రాలేదు. తీసిన ప్రతిదీ పనికిరానిదే. అతను విసిరేసిన ఆఠీను రాణిని హనుమండ్లు తాపీగా అందుకుని, తన ముక్కలన్నీ చాప మీద పరిచాడు.

“గింత మంచి పత్తాతోని ఓడుడేంది?” అని గొణిగాడు కరుణాకర్. ఊరి ముందు పోయిన పరువు కన్నా, రమకు ఏం చెప్పాలోనన్న భయమే అతన్ని ఎక్కువ పీడించింది.

విన్నాక రమ పెద్దెద్దు పగ్గం విప్పి అతని చేతికిచ్చింది. తోరణం దాకా వెంట నడిచింది.

డప్పులు మోగాయి. హనుమండ్లు జత ముందుకు కదిలింది. ఆ చప్పుడుకు పెద్దెద్దు ఏటా ముందు నడిచిన అలవాటుకొద్దీ చెవులు రిక్కించి, కుంటుతూనే ముందుకు ఉరికింది. కరుణాకర్ కాళ్ళు నిలదొక్కుకుని పగ్గం బిగబట్టాడు.

“దాన్నెందుకు గుంజుతున్నవ్?” అంది రమ. “పత్తాలాడింది నువ్వు, అది గాదు గదా!”

ఊరంతా చూస్తోంది. కరుణాకర్ తల వంచుకుని ఎద్దును వెనక్కి లాగాడు.