కాశీనాథం జామీను

సిద్దిపేట బజారులో చింతపండు, బెల్లం అమ్మే కాశీనాథానికి ఒక జబ్బుండేది. నలుగురు గుమిగూడిన చోట నోరు మూసుకుని నిలబడలేడు. రెండు ఎద్దులు కుమ్ముకున్నా తీర్పు చెప్పి గాని కదలడు. ఊరంతా తనను పెద్దమనిషి అంటుందని ఊరందరికీ తనే చెప్పుకున్నాడు.

నిజాం పాలన చివరి రోజుల్లో ఒక ఎండాకాలం, ఆ జబ్బే అతన్ని ఠాణా మెట్లెక్కించింది.

దుబ్బాక నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన పదమూడేళ్ల నర్సింహ, డాక్‌బంగళాలో దిగిన ఒక అధికారి బూట్లు ఎత్తుకుపోయాడు. దాచుకున్నా బాగుండేది. ముందు భాగంలో గడ్డి కుక్కి, తొడుక్కుని బజారంతా తిరిగాడు. జవాను చెవి పట్టుకుని తీసుకుపోతుంటే వెనకాల జనం, జనం వెనకాల కాశీనాథం.

ఠాణాలో అతను గొంతు సవరించుకున్నాడు. "పసిపోరడు అమీన్ సాబ్. జైలుకు పంపితె గాడ పెద్దదొంగల తాన సదువుకొని వస్తడు."

ఠాణాకు పెద్ద అయిన ముసలి అమీన్‌కు ఆ మాట నచ్చింది. "సచ్ బాత్, సేట్. బూట్లు దొరికినయి, కేసు రాస్తలేను. పోరడు నీ దుకాన్ల పనిజేస్తడు. ఆర్నెల్లు ప్రతి జుమ్మాకు తోలుకొచ్చి చూపెట్టు. నువ్వే జామీను. వాడు పారిపోయిండో, వాని మీద కేసు, నువ్వు లోపల."

కాశీనాథం సలహా ఇచ్చి పోదామనే వచ్చాడు. కానీ వెనక జనం చూస్తున్నారు. పెద్దమనిషి గనుక సంతకం పెట్టాడు.

"బజార్ల గంతమంది ఉంటె మీకే దొరికిండా?" అంది భార్య సుశీలమ్మ.

"మనిషన్నంక ధర్మం..."

"ధర్మం గాదు, మీ నోరు."

ప్రతి శుక్రవారం నర్సింహ ఈల వేసుకుంటూ ముందు నడిచేవాడు. కాశీనాథం మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుని వెనక నడిచేవాడు. బట్టల కొట్టు దత్తాత్రి గడప మీది నుంచే కేకేసేవాడు. "ఏం కాశీనాథం, నీ కేసు యాడికొచ్చె?"

"నాది గాదురా, పోరనిది!"

"అందరు గట్లనే అంటరు."

నర్సింహ పారిపోతే తన గతేమిటని కాశీనాథానికి అన్నం సహించేది కాదు. వాణ్ణి నీళ్లకు పంపి, తను బండి చాటున నక్కి చూసేవాడు. "సావుకారి, గాడ ఎండ కొడ్తది, నీడకు రా. నేనేం ఉరుకుత లేను" అనేవాడు వాడు. రోజూ పొద్దున కాశీనాథం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, సత్యం ఎంత గొప్పదో బోధించేవాడు. ఆ బోధ చేస్తూనే, గింజలున్న చింతపండును గింజ తీసిన ధరకు తూచేవాడు. నర్సింహ మాత్రం చెవులప్పగించి వినేవాడు.

వానాకాలంలో ఒక గురువారం నర్సింహ కనబడలేదు. శుక్రవారం తెల్లారినా రాలేదు.

'పారిపోయిండు, పట్టుకోండి' అనే మాటను దారి పొడవునా నెమరువేసుకుంటూ కాశీనాథం ఠాణాకు చేరాడు. అమీన్ ఎదుట మాత్రం వేరే మాట వచ్చింది.

"పోరనికి జరం సాబ్."

పిల్లవాణ్ణి కాపాడుకోవడానికి అన్నాడో, తనను కాపాడుకోవడానికి అన్నాడో అతనికే తెలియదు. అంతటితో ఆగినా సరిపోయేది. "ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. వైద్యుడు నాడి చూసి తల ఊపిండు. మా ఆమె కాళ్లకాడ కూసొని ఏడుస్తున్నది..."

అతని వెనక గుమ్మంలో, మోకాళ్ల దాకా బురదతో, నర్సింహ నిలబడి ఉన్నాడు.

"ఏంరా, జరం తగ్గెనా?" అన్నాడు అమీన్.

కాశీనాథం దగ్గాడు. కన్ను గీటాడు. చివరికి తన నుదుటి మీద తనే చెయ్యి పెట్టుకుని చూపించాడు. నర్సింహ అతనివైపు జాలిగా చూశాడు.

"నాకు జరమేంది సాబ్? అవ్వను జూడ దుబ్బాక పోయిన. అడిగితె సావుకారి పోనియ్యడని చెప్పలే. ఇయ్యాల జుమ్మా గద, వాగు తగ్గంగనే దాటొచ్చిన."

అమీన్ మీసం దువ్వుకున్నాడు. తర్వాత జామీను కాగితం తీయించి, రెండు ముక్కలు చేశాడు. "పోరడు బాగుపడ్డడు. ఇగ రానక్కర లేదు."

కాశీనాథం సలాము చేసి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"సేట్, నువ్వు మాత్రం వచ్చే జుమ్మాకు రా."

అమీన్ నవ్వులాటకు అన్నాడో, నిజంగానే అన్నాడో. అడిగే ధైర్యం లేక, మరుసటి శుక్రవారం కాశీనాథం దుకాణం తాళంచెవి నర్సింహ చేతిలో పెట్టి బయల్దేరాడు.

"బుగులు వడకు సావుకారి," అన్నాడు నర్సింహ. "ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు."