ఆకు గుర్తున్నవన్నీ మంచివే అన్నాను

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా ఇంట్లోవాళ్లే కాదు, ఏ.ఎస్. రావు నగర్‌లో మా మెస్‌కు భోజనానికి వచ్చేవాళ్లంతా అంటారు. ఒకే ప్రశ్న మూడోసారి అడిగితే నా జవాబు కురచైపోతుంది. అలా కురచైన ఒక జవాబు మా అన్న ప్రాణం మీదికి తెచ్చింది.

మెనూ కార్డు మీద ఆకు గుర్తులు పెట్టించింది మా అమ్మాయి. తను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లో ప్రతి వంటకం పక్కన ఒక బొమ్మ ఉంటుందట. దాన్ని పండించి, వండి, పళ్లెంలోకి తెచ్చేసరికి నీళ్లెంత పోతాయి, గాలి ఎంత పాడవుతుంది అని చూసి, భూమికి తక్కువ హాని చేసేదానికి పచ్చని ఆకు, ఎక్కువ హాని చేసేదానికి నల్లని మబ్బు వేస్తారట. మన మెస్‌లో కూడా వేద్దామని పట్టుబట్టింది. మటన్‌కు మబ్బు అంటే సరేనన్నాను. పనీరుకు మబ్బు అంటే నోరు తెరిచాను. వరి మడిలో నిలిచిన నీళ్ల నుంచి కూడా ఏదో గ్యాసు వస్తుంది కాబట్టి అన్నానికీ సగం మబ్బు వేయాలంది.

"అన్నానికి మబ్బేస్తే మన మెట్లు ఎవ్వరెక్కరు. నువ్వు, నేను కూసొని తినాలె" అన్నాను.

అన్నాన్ని వదిలేసింది. జొన్నరొట్టె, పాలకూర పప్పు, గోంగూర పప్పు, టమాట పప్పు, బచ్చలికూర, ఉలవచారు, వీటన్నిటి పక్కనా ఆకులు మొలిచాయి.

మొదటి రెండు రోజులు అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పాను. భూమి, వేడి, వానలు, అన్నీ చెప్పాను. ఒకాయన అంతా విని, "మరి గది తింటే షుగర్ తగ్గుతదా అమ్మా?" అన్నాడు. మూడోరోజు నుంచి నా జవాబు ఒకటే. "ఆకు గుర్తున్నయన్నీ మంచియే, తినుండ్రి."

ఎవరికి మంచివి అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ గుర్తు అంత పనిచేస్తుందని నేను అనుకోలేదు. ఒంటిగంటకల్లా అడుగంటే మటన్ రెండున్నరకు కూడా మిగిలేది. పప్పు గిన్నెలు ముందు ఖాళీ అయ్యేవి. మోండా మార్కెట్లో పాలకూర అమ్మే ఆమె, "ఇంట్ల ఫంక్షన్ గిట్ల ఉన్నదా, గిన్ని కట్టలు కొంటున్నవ్" అని అడిగింది. నా మెస్ భూమిని కాపాడుతోందని గర్వంగా ఉండేది. నిజానికి సగంమంది ఆకును చూసి పథ్యం అనుకున్నారు. ఆపరేషన్ అయినాయన ఒకడు, "డాక్టర్లు చెప్పేది గిదే కదమ్మా" అంటూ ఆకులున్నవే తినేవాడు. ఆ మాట నా చెవిన పడింది. ఔననలేదు, కాదనలేదు. సాంబారు బకెట్ పట్టుకుని ముందుకు పోయాను.

మా అన్న నాకంటే పదేళ్లు పెద్ద. వదిన పోయాక కాప్రాలో ఒక్కడే ఉంటున్నాడు. రోజూ మధ్యాహ్నం నడుచుకుంటూ మా మెస్‌కే వచ్చేవాడు. కానీ చెల్లెలి దగ్గరికి అన్నలా కాదు, పూర్తిగా గిరాకీలా వచ్చేవాడు. ఆడబిడ్డకు పెట్టాలి గానీ ఆడబిడ్డ సొమ్ము తినకూడదని ఆయన పట్టుదల. నేను వంటింట్లోంచి పిలిచినా లోపలికి రాడు. చేతులు కడుక్కునే చోటుకు ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చుని, కార్డు చూసి, అడిగి తెప్పించుకుని, డబ్బులిచ్చి పోయేవాడు. ఆయనకని ఓ గిన్నె పక్కన పెడితే ముట్టేవాడు కాదు.

తలకాయ కూర ప్రాణంగా తినే మనిషి ఒకరోజు కార్డు మీద ఆకుల వెంబడి వేలు పెట్టుకుంటూ పోయాడు.

"ఏందన్నా, మాంసం బంద్ వెట్టినవా?" అన్నాను.

"డాక్టర్ తగ్గియ్యుమన్నడే చెల్లె. మాంసం, ఉప్పు. గంతే. ఏం పరేషాన్ గాకు. నువ్వే అంటివి గదా, ఆకున్నయి మంచియని."

ఏ డాక్టరు, ఎందుకు వెళ్లాడు అని అడగాలి కదా. పన్నెండున్నర, బయట జనం నిలబడి ఉన్నారు. అడగలేదు. ఆ పూట నుంచి రెండు పూటలా ఆకులే తిన్నాడు. రాత్రికి పప్పు పార్శిల్ పట్టుకుపోయేవాడు.

ఇరవై రోజులు గడిచాయేమో. ఆ రోజు జొన్నరొట్టె, పాలకూర పప్పు, గోంగూర తిన్నాడు. నేను పక్క టేబుల్ దగ్గర ఉన్నాను.

"చెల్లె, జెర చెయ్యియ్యి. కాళ్లు లేస్తలేవు" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదలదు. "మూడు రొట్టెలు తింటే ఎట్ల లేస్తయి" అంటూ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. బలమంతా పెట్టి లేపినా కాళ్లు ఆయనవి కానట్టే ఉన్నాయి. మొహం చూశాను. పెదవులు తెల్లబడ్డాయి. భోజనం చేస్తున్నవాళ్లు ఎంగిలి చేతులతోనే లేచి ఆయన్ని కుర్చీతో సహా మెట్లు దింపి ఆటో ఎక్కించారు.

ఆటోలో ఆయన తల నా భుజం మీద ఉంది. "ఏం గాలే, ఏం గాలే" అంటున్నాడు. ఒక్కోసారి ఆ మాట మధ్యలో ఆగిపోయేది. అప్పుడు నేను ఆయన చొక్కా పట్టుకుని ఊపేదాన్ని.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు అంటించారు. ఒక చిన్న డాక్టరమ్మ కాగితం మీద గీతలు చూస్తూ, "రోజూ ఏం తింటారమ్మా?" అని అడిగింది. నేను ఆయన తరఫున గట్టిగా చెప్పాను. మాంసం ముట్టడు, ఉప్పు తక్కువ, రోజూ పాలకూర, గోంగూర, టమాట పప్పు, ఉలవచారు, అన్నీ మంచివే అని చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆమె మొహం మారిపోయింది.

"కిడ్నీలు బాగా లేవు కదమ్మా ఈయనకు. ఇవన్నీ రోజూ తింటే వీటిలోని పొటాషియం బయటికి పోక ఒంట్లో పేరుకుపోతుంది. గుండె మీదికి వచ్చింది" అంది. నన్ను బయట కూర్చోమని తెర లాగేసింది.

కిడ్నీల మాట నేను వినడం అదే మొదలు. ఆయన చొక్కా నా చేతికిచ్చారు. జేబులో బస్సు పాసు వెనక మడతపెట్టిన చీటీ ఉంది. తిండి విషయం చెప్పే మేడమ్‌ను కలవమని నెల కిందట రాసిచ్చారు. ఆయన కలవలేదు. ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పథ్యం చీటీ నా కంటపడితే నేను వేరే వండి పెడతాను, డబ్బులు తీసుకోను. ఆడబిడ్డ సొమ్ము నోట్లోకి పోతుంది. అందుకని చీటీ దాచుకుని, నా ఆకులను నమ్ముకున్నాడు.

బయటి బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తెర వెనక మిషన్ కూత వినబడుతూ ఉంటే భయం, ఆగితే ఇంకా భయం. అమ్మాయికి ఫోన్ చేసి అరిచాను. "నీ ఆకులు మామను తిన్నయే" అన్నాను. అది ఏడ్చింది.

"అమ్మా, నేను భూమికి మంచిదన్న. మనిషికి అనలే" అంది.

అన్నది నేనే. ఫోన్ పెట్టేశాక ఇంకో భయం పట్టుకుంది. ఆ మాట ఎంతమందితో అన్నాను? ఆపరేషన్ అయినాయన, బాలింత కోసం పార్శిల్ తీసుకుపోయే అత్తగారు, పేర్లు కూడా తెలియని వాళ్లు. ఒక్కొక్క మొహమే కళ్లముందుకు వచ్చింది. జనం చేతిలో కార్డు ఉంటుందే గానీ వాళ్ల పళ్లెంలోకి ఏది రావాలో నా నోరే చెబుతోందని అప్పుడు తెలిసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి అంత చేటు చేసే బలం ఉందనుకోలేదు.

సాయంత్రానికి డాక్టరమ్మ తెర తీసి, గుండె దారికొచ్చిందని చెప్పింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. లోపలికి పోతే అన్న కళ్లు తెరిచి, "చేతులు కాలినంక ఆకులు వట్టుకునుడు గిదేనా చెల్లె" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చీటీ ఆయన మొహం ముందు పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది.

కార్డు మీద ఆకులన్నీ పీకేద్దామనుకున్నాను. అమ్మాయి వద్దంది. చివరికి కింద పెద్ద అక్షరాలతో రాయించాం: ఈ గుర్తు భూమి కోసం, మీ ఒంటికి ఏది పడుతుందో మీ డాక్టరును అడగండి. ఇప్పుడు ఎవరైనా "ఆకేందమ్మా" అంటే మొత్తం చెబుతాను. వెనక ఎంతమంది నిలబడ్డా చెబుతాను. విని కొందరు మళ్లీ మటన్‌కు పోయారు. పోనీ.

అన్న ఇప్పుడు వంటింట్లో కూర్చుని తింటున్నాడు. ఊరికే తిననని మొండికేసి, నెలనెలా బియ్యం సంచి మోయించుకొచ్చి నా ముందు దింపుతున్నాడు. పుట్టింటి బియ్యమని తీసుకుంటున్నాను. ఆసుపత్రిలో నేర్పినట్టు ఆయన కూరగాయలు సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుతాను. రుచి ఉండదు. అయినా పళ్లెం ఖాళీ చేస్తాడు.

చెయ్యి కడుక్కోవడానికి లేవబోతూ ఆయన కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనిస్తాడు. నేను గరిటె పక్కన పెట్టి ఆయన మోకాళ్ల వైపే చూస్తూ నిలబడతాను. అవి నిటారుగా అయ్యేదాకా, బయట ఎవరు పిలిచినా పలకను.