తెల్లగానే ఉందన్నాను

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు ఫ్లాస్కులో పోసుకుని నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. "నాయన పోయినాడు" అన్నాడు మా ఆయన. ఆ ఫ్లాస్కును ఏం చేయాలో తోచక చేత్తో పట్టుకునే కూర్చున్నాను. మా మామ పోయి నెల కావస్తోంది.

మాది విడవలూరు దగ్గర, సముద్రపు ఒడ్డు ఊరు. మా ఆయన వేటకు పోతే, చిరిగిన వలలు మామ బాగుచేసేవారు. కళ్ళకు పొర కమ్మినా చిరుగు ఎక్కడుందో వేళ్ళతో తడిమి పట్టేసేవారు. ఒక చేత సూది, ఒక చేత వల. ముడి బిగించాలన్నా దారం తెంచాలన్నా పళ్ళే.

పోయిన ఏడాది చిగుళ్ళు వాచి రక్తం కారసాగింది. షుగరు తగ్గాలి, మెత్తటి బ్రష్షు వాడాలి, ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, దారం నోట పెట్టకూడదు అన్నాడు పళ్ళ డాక్టరు. మందులు, బ్రష్షు, నీళ్ళు నేను చూసుకున్నాను. దారం సంగతే నా వల్ల కాలేదు.

"సముద్రం పక్కన పెట్టుకోని గ్లాసుడు ఉప్పునీళ్ళకు పొయ్యి ముట్టిస్తా ఉండావే!" అని ఎగతాళి చేస్తూనే పుక్కిలించేవారు. దారం తెంచడానికని కత్తెరకు తాడు కట్టి ఆయన మెడలో వేశాను.

"దీన్ని పట్టుకునేదానికి మూడో చెయ్యి యాడుండాదమ్మా? పళ్ళే నా మూడో చెయ్యి."

ఉమ్మిన ప్రతిసారీ ఒకటే అడిగేవారు. "ఎర్రగా ఉండాదా?"

పళ్ళు ఊడితే వల పని పోతుందని ఆయన భయం. ఊళ్ళో నన్ను నోరుగల కోడలంటారు. అక్కడ మాత్రం నిజం చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. పళ్ళెంలో ఎర్రగా కనిపిస్తున్నా, "లేదు మామా, తెల్లగానే ఉండాది" అనేదాన్ని. "అయితే తగ్గినట్టే" అని సంబరంగా వల ముందు కూర్చుని మళ్ళీ దారం కొరికేవారు. ధైర్యం చెబుతున్నాననుకున్నాను. నిజం చెప్పి ఉంటే మానేవారేమో. మానేవారు కాదేమో. ఇప్పుడు ఎవరినడగను?

షుగరు ముదిరి, చిగుళ్ళ చీము ఒంటికి పాకి ఆసుపత్రిలో చేర్చాక, తడిగుడ్డతో నోరు తుడుస్తుంటే కూడా అదే అడిగారు. గుడ్డ మడిచేసి అదే చెప్పాను. "ఇంటికి పోతానే ఆ పెద్దవల ముగిస్తా" అన్నారు.

మిగిలిన చిరుగును మా ఆయన కత్తెరతోనే ముగించి, నిన్న ఆ వలను వేటకు తీసుకుపోయాడు. తిరిగొచ్చి ఒడ్డున ఆరేస్తూ నన్ను పిలిచాడు. మామ వేసిన ముడుల దగ్గర గోధుమరంగు చుక్కలు.

"ఏంది ఇవి? ఇంత ఉప్పునీళ్ళలో నానినా పోలేదే."

"తుప్పు మరకలు" అన్నాను.

మా ఆయన తల ఊపి ఇంట్లోకి వెళ్ళాడు. తెల్లటి వల గాలికి ఆరుతూ ఉంది.