ఎదెల్మీరా అమ్మిన తిరుగు టిక్కెట్లు

కోస్తారికాలోని లిబేరియా ఊరు వదిలి అరగంట దాటింది. బస్సులో నలభై నాలుగు సీట్లు. నలభై నాలుగూ అమ్ముడుపోయాయి. ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

డ్రైవరు దొన్ ఎలియేసెర్ బదీయా ముందున్న అద్దంలోంచి మాటిమాటికీ నన్ను చూసుకుంటున్నాడు, ఎప్పుడో పోయిన ఉంగరం దొరికితే మనిషి దాన్ని ఊరికే తడుముకుంటున్నట్టు.

"నిజంగానే వెళ్తున్నారా పెద్దాయనా? నికరాగువా? ఈ బస్సులోనే?"

"టిక్కెట్టు కొన్నాను కదయ్యా."

"టిక్కెట్టు అందరూ కొంటారండీ. ఎక్కేదెవరు? ఇరవై రెండేళ్ళలో మీరు మూడో మనిషి. మొదటాయన తప్పు బస్సెక్కాడు. రెండోది ఒక కోడి."

ఇంటికొచ్చిన చుట్టాన్ని చెప్పులు విప్పకముందే "ఎప్పుడు వెళ్తారు?" అని అడిగే ఇల్లాలికి ఊళ్ళో ఏం పేరొస్తుందో అందరికీ తెలుసు. అదే ప్రశ్న ఒక దేశం అడిగితే దాన్ని నిబంధన అంటారు. కోస్తారికాలో అడుగు పెట్టాలంటే బయటికి పోయే టిక్కెట్టు ముందే చేతిలో ఉండాలి. పాసో గార్సా సరిహద్దులో కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా మనిషి మొహం చూడడు, టిక్కెట్టు మీద తారీఖు చూస్తాడు. అలలమీద పలకలేసుకుని ఆడటానికి వచ్చిన కుర్రాడికి తను ఎప్పుడు వెళ్తాడో ఏం తెలుసు? అందుకని నికరాగువా వైపు రేకుల పందిరి కింద ఒకామె బల్ల వేసుకుని కూర్చుంటుంది. లిబేరియా నుంచి సరిహద్దుకి వెళ్ళే ఈ బస్సుకి టిక్కెట్లు అమ్ముతుంది. కుర్రాడు కొంటాడు, కిటికీ దగ్గర చూపిస్తాడు, గేటు దాటాక అందులో వేరుశనగలు పొట్లం కట్టుకుంటాడు. బస్సు మాత్రం రోజూ నిండుగా, ఖాళీగా నడుస్తుంది. కంపెనీవాళ్ళకి ఇంతకన్నా మంచి ప్రయాణికులు ఎక్కడ దొరుకుతారు? వాంతి చేసుకోరు, చిల్లర అడగరు, పాటలు పెట్టమనరు.

నేనూ డిసెంబర్లో ఆమె దగ్గరే కొన్నాను. నాకు పారేయడం చేతకాక ఎక్కాను.

పుచ్చకాయల లారీ ఒకటి రోడ్డు పక్క మట్టిదారిలోకి దిగిపోతోంది. అది దించి వెళ్ళిన ఆడమనిషి దుమ్ములోంచి బయటికొచ్చి, చెయ్యెత్తి మా బస్సుకి అడ్డంగా నిలబడింది. నెత్తిన మూట, చంకలో ప్లాస్టిక్ సంచీ, మార్చి నెల గాలికి గుమ్మటంలా ఉబ్బిన గౌను. దొన్ ఎలియేసెర్ బ్రేకు వేసి తలుపు తీశాడు.

"సీట్లు లేవమ్మా."

ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి లోపలికి తొంగి చూసింది. "నాకు తెలుసు. నెల ముందే నింపింది నేనే."

"అంటే?"

"ఒకటీ రెండూ ముసలి దంపతులు, బెల్జియం. ఆయనకి మోకాలు నొప్పి, అందుకే ముందేశాను. ఏడు జర్మనీ కుర్రాడు, కాళ్ళు పొడుగని నడవ వైపిచ్చాను. పదిహేడూ పద్ధెనిమిదీ కొత్తగా పెళ్ళైనవాళ్ళు. పదిహేడూ పద్ధెనిమిదీ కొత్తగా పెళ్ళైనవాళ్ళు. నలభై నాలుగు చుట్టలు కాల్చేవాడు, వెనక పారేశాను."

దొన్ ఎలియేసెర్ స్టీరింగు వదిలేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయనకి రోజూ అందే సీట్ల జాబితా ఆ చేతిదే, కింద సంతకమూ ఆమెదే. ఆమె పందిరి గేటుకి అవతల, ఆయన బస్సు గేటుకి ఇవతల ఆగుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"దోన్యా ఎదెల్మీరా సెలెదోన్! ఏడంకెకి నడుం మీద గీత పెట్టేది మీరేనా? మరి ఈ నెల్లో మధ్యమధ్య ఆ కోడిగీతలు ఎవరివమ్మా? మొగుడూ పెళ్ళాలని తీసుకెళ్ళి చెరో మూలా కూర్చోబెడుతున్నారు!"

"మా తోటికోడలి కూతురు. దానికి బుద్ధుంటే నేనింత కంగారు పడను. పోనివ్వండి బాబూ, ఆరింటికి కిటికీ మూసేస్తారు."

"ఎక్కడికి పోనిచ్చేది? సీటేదీ?"

ఇక్కడ ఆమె గురించి రెండు ముక్కలు చెప్పాలి, వాళ్ళ తగువు ఎలాగూ ఇప్పట్లో తేలదు.

ఎదెల్మీరా పుట్టింది నికరాగువాలో, సరస్సు ఒడ్డున రీవాస్ దగ్గరి పల్లెలో. వాళ్ళ పెరట్లో నిలబడితే కోస్తారికా కొండ కనిపిస్తుంది. కొండ చూడటానికి వీసా అక్కర్లేదు, ఎక్కడానికి కావాలి. జర్మనీవాడు చెప్పుల్లేకుండా వచ్చినా "దయచేయండి" అంటారు. పొరుగింటామె రావాలంటే బ్యాంకు కాగితం, పోలీసు కాగితం, చెవులు రెండూ కనిపించే ఫొటో, రాజధాని మనాగువాలో మూడు పగళ్ళ వరుస. ముందు ఆమె మొక్కజొన్న రోస్కియా బిస్కెట్లు కాల్చి బస్సుల దగ్గర అమ్మేది. తర్వాత టిక్కెట్లలోకి దిగింది. ఆ బస్సెవరూ ఎక్కరని మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా ఒక్కొక్కరినీ కళ్ళలోకి చూసి, "కిటికీ పక్కా, నడవ పక్కా?" అని అడిగి మరీ సీటు వేసేది. కొట్లాటలో ఉన్న రెండు దేశాలవాళ్ళని పక్కపక్కన వేసేది కాదు. ఏడ్చి వచ్చిన మొహాలకి కొండలు కనిపించే వైపు ఇచ్చేది. తోటి అమ్మకందార్లు నవ్వేవారు. దేవుడికి పెట్టే నైవేద్యం కూడా దేవుడు తినడని తెలిసే కదా వండేది, ఉప్పు సరిగ్గా వెయ్యమా?

ఆమె అక్క కాందిదా లిబేరియాలో హోటలు గదులు తుడుస్తుంది. నెల క్రితం తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం పక్కన ఉండటానికి మరో దిక్కులేదు. ఎదెల్మీరా వీసా సంపాదించుకుని వచ్చింది: ఒకసారి వస్తే ముప్ఫై రోజులు, ఆ లోపల బయటికి వెళ్ళి ముద్ర వేయించుకుని మళ్ళీ రావచ్చు. ఒక్క రోజు మించితే వీసా రద్దు, మళ్ళీ మనాగువా, మళ్ళీ చెవులు. ఇవాళ ముప్ఫయ్యో రోజు. పది రోజుల్లో అక్కకి రెండో ఆపరేషన్. తిరుగు టిక్కెట్టు తనకీ రాసుకుంది, జాగ్రత్త కోసం ఒక రోజు ముందుకే, నిన్నటికి. నిన్న డాక్టరు రాలేదు. ఆపరేషన్ కాగితం మీద ఆయన సంతకం కోసం ఇవాళ మధ్యాహ్నం దాకా కూర్చుంది. తర్వాత స్టాండులో టిక్కెట్టు అడిగితే "నిండిపోయింది" అన్నారు. టాక్సీవాడు దూడ ఖరీదు చెప్పాడు. పుచ్చకాయలవాడు తన దారి కలిసినంత మేర తెచ్చాడు.

"నిన్న అయిదో నంబరు మీదే కదా?" అన్నాడు దొన్ ఎలియేసెర్ బాధగా. "ఖాళీగా వెళ్ళిందమ్మా. మీరు నిజంగా వస్తారని తెలిస్తే కాస్త ఆగేవాణ్ణి."

"ఇవాళ ఏదో ఒక సీటులో కూర్చోబెట్టి ఆ బాకీ తీర్చండి."

"ఎవరి సీటులో? అందరూ డబ్బిచ్చినవాళ్ళే. ముందు లా క్రూస్ స్టాపులో ఎవరైనా ఎక్కితే?"

"ఎక్కరు."

"ఎక్కరని రాసివ్వండి."

ఆమె చంకలో సంచీ సర్దుకుంది. ఎక్కరని ఆమె రాసిస్తే ఇరవై రెండేళ్ళ టిక్కెట్లు దేనికి రాసినట్టు?

నేను కలగజేసుకున్నాను. "నేను లేచి నిలబడతాను. నా సీటు ఇవ్వండి."

"టిక్కెట్టు మారకూడదు పెద్దాయనా. మీరు నిలబడితే మీ మీదా జరిమానా. నలభై నాలుగు మంది కూర్చున్న బస్సులో నలభై అయిదో మనిషి ఉంటే ఓవర్‌లోడు. నాకు పింఛనుకి రెండేళ్ళుంది."

ఆమె అప్పుడు నా వైపు చూసింది. "ఇరవై మూడు! డిసెంబర్లో వచ్చారు. ఎప్పుడు వెళ్తారంటే 'బుద్ధి పుట్టినప్పుడు' అన్నారు. తారీఖు నేనే వేశాను."

"మంచి తారీఖే వేశావు తల్లీ."

"టిక్కెట్టు ఇటివ్వండి."

వెనక్కి తిప్పి, చీమల్లాంటి అక్షరాల్ని కళ్ళకి ఆనించుకుని చదివింది. దాన్ని చదివిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే అయ్యుంటుంది. "ఏడో నిబంధన. ప్రయాణికుడు ముప్ఫై కిలోలకు మించని మూట ఒకటి నడవలో పెట్టుకోవచ్చు. పెద్దాయనా, మీకు మూటేమైనా ఉందా?"

"భుజానికి సంచీ ఉంది, అది ఒళ్ళో పెట్టుకుంటాను."

"అయితే నేను మీ మూటని."

దొన్ ఎలియేసెర్ ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. ఎగతాళికి కాదు, తూకం వేస్తున్నాడు. "ముప్ఫై కిలోలకి ఎక్కువే ఉంటారు."

"నిన్న ఆస్పత్రిలో తూచారు. యాభై ఎనిమిది."

"మరి?"

"జర్మనీ కుర్రాడు ఏడో సీటుకి డబ్బిచ్చాడా లేదా? మూటేమైనా తెచ్చాడా? ముప్ఫై ఈయన మీద రాయండి, ఇరవై ఎనిమిది వాడి మీద."

ఆయన టిక్కెట్టు తీసుకుని ఏడో నిబంధన తనూ చదివాడు. నిజాయితీపరుడికి దారి చూపించాలంటే అబద్ధం చెప్పకూడదు, నిబంధన చెప్పాలి. జేబులోంచి పుస్తకం తీసి రెండు సామాను చీటీలు రాశాడు. ఒకటి ఆమె గౌను భుజానికి పిన్నుతో గుచ్చాడు, రెండోది సంచీకి కట్టాడు. బస్సు కదిలింది.

నలభై మూడు సీట్లు ఖాళీగా ఉంటే ఎదెల్మీరా నడవలో నేలమీద కూర్చుంది. "పక్క సీటులో కూర్చో తల్లీ, ఎవరు చూడొచ్చారు" అన్నాను.

"అది కెబెక్ ఆవిడది. పాపం, మొగుణ్ణి పోగొట్టుకుని వచ్చింది" అని ఆ సీటుకి తగలకుండా ఒద్దికగా కాళ్ళు ముడుచుకుంది.

సరిహద్దుకి ఇంకా కొంత దూరం ఉండగా పోలీసులు ఆపారు. మీసం సరిగ్గా మొలవని పోలీసు ఒకడు జాబితా పట్టుకుని ఎక్కాడు. నలభై నాలుగు పేర్లు చదివాడు, నన్ను చూశాడు, కింద చూశాడు.

"ఈమె ఎవరు?"

"సామాను" అన్నాడు దొన్ ఎలియేసెర్, చీటీలు చూపిస్తూ.

పోలీసు రెండు చీటీలూ కూడుకుని చూశాడు. తూకం సరిపోయింది. "సామానుకి పాస్‌పోర్టు ఉందా?"

"ఉంది నాయనా" అని ఆమె తీసిచ్చింది. అతను పేజీలు తిప్పి ఒక ముద్ర దగ్గర ఆగాడు, గడియారం చూసుకున్నాడు.

"అయిదున్నర అవుతోంది. ఇవాళ్టితో గడువైపోతుంటే ఇక్కడ కూర్చుని కబుర్లు చెబుతున్నారేంటండీ? పదండి, పదండి!" అని బస్సు రేకు మీద అరచేత్తో చరిచాడు, ఎద్దుని అదిలించినట్టు.

పాసో గార్సా చేరేసరికి ఆరింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది. దొన్ ఎలియేసెర్ ఆమె భుజం మీది చీటీ పీకి, సామాను క్షేమంగా చేరిందని నాతో సంతకం పెట్టించుకుని, నా చేతిలో పెట్టాడు. అప్పటికే ఆమె పరిగెడుతోంది.

నిష్క్రమణ కిటికీ వెనక ఉన్నామె తాళాలగుత్తి చేతికి తగిలించుకుని ఉంది. పాస్‌పోర్టు తీసుకుని, మొదట చివరి పేజీ, తర్వాత మొదటి పేజీ, తర్వాత మధ్యలో ఒక పేజీ చూసింది. ఎదెల్మీరా కిటికీ గట్టు రెండు చేతులా పట్టుకుంది. ఆ చేతివేళ్ళు అన్నేళ్ళు అంతమంది పోయే తారీఖులు రాసినవే.

"ముప్ఫయ్యో రోజు. ఇంత ఆఖరిదాకా ఎందుకున్నారు?"

"అక్కకి తుంటి విరిగిందమ్మా."

"ఆ గడి ఇందులో లేదు. 'విహారం' అని రాస్తాను. విహారం బాగా జరిగిందా?"

"బాగా జరిగింది. బెడ్‌పాన్ కడిగాను, దుప్పట్లు ఉతికాను, రాత్రిళ్ళు కుర్చీలో కూర్చున్నాను."

"బాగుంది అని రాస్తున్నాను." ముద్ర ఎత్తింది. సిరా ఆరిపోయింది. ముద్రని నోటి దగ్గర పెట్టుకుని ఊది, ఇంకోసారి సిరాలో అద్ది, గోడ గడియారం చూసి, కొట్టింది.

ఎదెల్మీరా ఆ పేజీని దీపం కింద పట్టుకుని తారీఖులోని ఒక్కో అంకె చదివింది. రేపు ఉదయం లోపలికొచ్చే కిటికీ తెరిచే వేళకి ఆమె అటువైపు వరుసలో మొదట నిలబడాలి. మళ్ళీ ముప్ఫై రోజులు, మళ్ళీ ఎప్పుడు పోతావన్న ప్రశ్న. పది రోజుల తర్వాత అక్క మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి పక్కన ఉండాలి.

దొన్ ఎలియేసెర్ కూడా దిగి నా పక్కకి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పరిచయం, గంట ముఖపరిచయం. ఏదైనా అంటుందని ఇద్దరం నిలబడ్డాం.

ఆమె పాస్‌పోర్టు గౌను మెడలోకి దోపుకుంది. వేళ్ళ కణుపుల మీద రేపట్నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ, మూట నెత్తిన సర్దుకుని, లారీల సందులోంచి నికరాగువా వైపు నడిచి వెళ్ళిపోయింది.