పేరు రాయని ఉపదేశి

ఉపదేశి రాజయ్యకు ఒకటే జబ్బు. ఎవరైనా వచ్చి మీ మతంలో కలుస్తామంటే వద్దంటాడు.

అదీ మామూలుగా వద్దనడం కాదు. గేటు దగ్గరే ఆపి వద్దంటాడు. తాగుతున్న చాయ్ కింద పెట్టి మరీ వద్దంటాడు. కోరుట్లలోని చర్చి, అంటే విచారణ గుడి, కింద ఊళ్లు తిరిగే ఉపదేశులు తొమ్మిదిమంది ఉన్నారు. జ్ఞానస్నానం కోరి వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, రెండేళ్లు పాఠాలు చెప్పడం, ఆ తర్వాత ఫాదర్ ముందు నిలబెట్టడం వాళ్ల పని. పేర్లు రాసుకోవడానికి తలా ఒక నోటుబుక్కు ఇచ్చారు. రాజయ్య నోటుబుక్కు పదకొండేళ్లనుంచీ కొత్తదే. మొదటి పేజీలో ఒక దోమ నలిగి ఉంది. ఆ పుస్తకంలో చేరిన ప్రాణి అదొక్కటే.

వచ్చినవాళ్లను ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఇప్పుడు మీ ఇంట్ల ఏం కష్టమున్నది?"

ఏదో ఒకటి చెప్తారు కదా. చెప్పగానే, "అది తీరినంక రా" అనేవాడు.

రుద్రంగి చుట్టుపక్కల కష్టం లేని ఇల్లు ఎక్కడుంటుంది? ఒక ఇంటాయన సౌదీలో, పక్కింటాయన భీవండిలో, ఆ పక్కింటాయన సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు బందై అరుగు మీద. కష్టం లేనివాడే రావాలంటే ఆ నోటుబుక్కు ఇంకో వందేళ్లయినా దోమతోనే ఉంటుంది.

నర్సన్న సంగతి అందరికీ తెలుసు. సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. నాలుగు నెలలు పని ఆగేసరికి పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ తలస్నానం చేయించి, తెల్లబట్టలు తొడిగి తీసుకొచ్చాడు. నలుగురి పేర్లూ రాయమన్నాడు. రాజయ్య తన ప్రశ్న అడిగాడు, జవాబు విన్నాడు, అన్నం పెట్టి పంపేశాడు. ఎనిమిది రోజులు మోపెడ్ మీద తిరిగి ముస్తాబాద్ వైపు ఒక పత్తి మిల్లులో నర్సన్నకు పని చూశాడు. నర్సన్న మళ్లీ రాలేదు. ఒకరోజు సిరిసిల్ల బజార్లో రాజయ్యను దూరంనుంచి చూసి, నిలబడివున్న బస్సు వెనక్కి సిగ్గుతో పోయి దాక్కున్నాడు.

రాజయ్య ఆ సాయంత్రమే కోరుట్ల వెళ్లి పండగలాగా చెప్పాడు. "నన్ను జూసి దాక్కున్నడు ఫాదర్. పని మంచిగ నడుస్తున్నట్టుంది."

ఎల్లారెడ్డిపేట నాగవ్వది ఇంకో కథ. నాలుగు రోజుల జ్వరంతో వణుకుతూ వచ్చి పేరు రాయమంది. జ్వరంలో చెప్పిన మాట జ్వరానిదే తప్ప మనిషిది కాదని చెప్పి జగిత్యాల ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తగ్గాక నువ్వేమడిగావో గుర్తుందా అంటే, దుప్పటి అడిగినట్టు గుర్తుందని చెప్పింది.

ఫాదర్ గుంటూరు వైపు మనిషి, ఓపిక ఎక్కువ. అయినా ఏడాదికోసారి మేత్రాణులకు, అంటే బిషప్పుగారికి, లెక్కలు పంపే వారంలో మాత్రం ఆయన ఓపిక పలచబడేది.

"ఏమయ్యా రాజయ్యా, ఈ ఏడూ సున్నానేనా? మేత్రాణులు అడిగితే ఏం చెప్పను?"

"సున్నా గుండ్రంగ రాయుండ్రి ఫాదర్. సూసేటందుకు బాగుంటది."

ఒకసారి మేత్రాణులే స్వయంగా వచ్చారు. తొమ్మిదిమంది ఉపదేశుల్నీ వరసగా పలకరించి రాజయ్య దగ్గర ఆగి, సున్నా ఎందుకొచ్చిందని అడిగారు. రాజయ్య చేతులు కట్టుకుని, కష్టం లేనివాళ్లు ఇంకా దొరకలేదని, వెతుకుతున్నానని చెప్పాడు. మేత్రాణులు చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, ఫాదర్‌వైపు తిరిగి, సున్నా అలాగే ఉంచండని వెళ్లిపోయారు. అది మెప్పో చీవాట్లో ఫాదర్‌కు నేటికీ తేలలేదు.

ఇవన్నీ శోభ విన్నవే. విని నమ్మలేదు. బట్టల కొట్టువాడు బట్టలు అమ్మనంటే ఎవరు నమ్ముతారు?

శోభది రుద్రంగి పక్క పల్లె, గౌడుల ఇల్లు, బీడీలు చేస్తుంది. భర్త కరుణాకర్ సౌదీలో ఒక క్లీనింగు కంపెనీలో పనికి పోయాడు. కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కింది. అక్కడ ఉండనిచ్చే అకామా కార్డు గడువు తీరింది. బయట కనిపిస్తే జైలు, లోపల ఉంటే పస్తు. ఒక గదిలో పదహారుమందితో పడివున్నాడు. పంపిన జగిత్యాల ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

శోభ నేరుగా తమ ఊళ్లోనే ఉన్న రాజయ్య ప్రార్థన గదికి పోయి, నిలబడే చెప్పింది. "మా ఆయన సౌదీల చిక్కుకున్నడు. మీ దేవుడు తీస్కస్తడని నాగవ్వ చెప్పింది. నా పేరు రాయి కాకా."

"గాయిన అచ్చినంక రా బిడ్డా."

"అచ్చినంక మీ దేవునితోని నాకేం పని?"

రాజయ్య మొహం వెలిగిపోయింది. పదకొండేళ్లలో ఇంత నిజం ఎవరూ చెప్పలేదన్నాడు. చెప్పి, పేరు రాయకుండానే పంపించాడు.

శోభ ఊరుకునే మనిషి కాదు. ఆరుసార్లు పోయింది. మూడోసారి, గౌడుల ఆడదాన్నని రాయడంలేదా అని మొహం మీదే అడిగింది. నాలుగోసారికి కిటికీ పక్కన నిలబడి విని పరలోక జపం మొత్తం కంఠతా పట్టి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. రాజయ్య కళ్లు మూసుకుని విన్నాడు. ఒక మాట దిద్దాడు. ఇంటికి పొమ్మన్నాడు.

పేరు రాయడు కానీ మిగతావన్నీ రాసుకున్నాడు. కరుణాకర్ పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, గది ఉన్న వీధి. నోటుబుక్కు వేరే పనికి కాబట్టి అరచేతిలో రాసుకున్నాడు. చెయ్యి నిండితే మోపెడ్ సీటు మీద రాశాడు. ఏజెంటు ఆఫీసు ముందు మూడు రోజులు, తలుపు తెరిచేదాకా, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పట్నంలో గల్ఫ్ బాధితుల సంగతి చూసే అధికారికి ఎన్నిసార్లు ఫోన్ చేశాడంటే, చివరికి ఆ అధికారే పండగరోజున ఆయనకు ఫోన్ చేసి బాగున్నావా అని అడిగాడు.

ఇటు శోభ అత్త వెంకటవ్వకు కోడలు ప్రార్థన గది చుట్టూ తిరగడం మహా కోపంగా ఉండేది. కొడుకు కోసం ఆమె ఎములాడ రాజన్నకు, అంటే వేములవాడ శివుడికి, గుళ్లో కోడెను కడతానని మొక్కుకుంది. మొక్కు ముందే చెల్లిస్తే రాజన్న తొందరపడతాడని ఆమె లెక్క. కానీ మోకాళ్లు లేవనీయవు, తీసుకెళ్లే మగదిక్కు లేదు. ఆ మాట రాజయ్య చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే మోపెడ్ వాకిట్లో ఆపి, "ఎక్కు వదినా" అన్నాడు.

ఉపదేశి మోపెడ్ మీద వెంకటవ్వ వేములవాడ పోయి కోడెను కట్టి వచ్చింది. రాజయ్య మూడు గంటలు గుడి బయట ఆమె చెప్పులూ చేతికర్రా పట్టుకుని నిలబడ్డాడు. ఈ సంగతి కోరుట్లకు ఆయనకంటే ముందే చేరింది.

"కోడె మొక్కుకు తీసుకెళ్లావటయ్యా?" అన్నారు ఫాదర్.

"ఆమెకు బండి లేదు ఫాదర్."

ఫాదర్ ఆ జవాబులో తప్పెక్కడుందో వెతికి, దొరక్క, లెక్కల పుస్తకం మూసేశారు.

ఇలా ఉండగా ఊరి అభివృద్ధి కమిటీకి కబురు పోయింది: మొగుళ్లను తెప్పిస్తానని ఆశపెట్టి రాజయ్య ఆడవాళ్ల మతం మారుస్తున్నాడట. కమిటీ పెద్ద బుచ్చన్న, కిరాణా కొట్టు బుచ్చన్న, గురువారం సాయంత్రం అందరినీ పిలిపించాడు. కమిటీ మాటంటే ఆ పల్లెలో మాటే. ఒకరితో మాట్లాడొద్దంటే ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే వాళ్లతోనూ ఎవరూ మాట్లాడరు.

శోభ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఎందుకంటే శుక్రవారం పొద్దున్నే ఆమె రాజయ్యతో పట్నం పోవాలి. కరుణాకర్‌ను జైలు లేకుండా పంపించే కాగితం ఇప్పించడానికి భార్యే స్వయంగా రావాలని అధికారి చెప్పాడు. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో రాజయ్యకే తెలుసు. రాత్రికి ఆయన వెలి అయితే పొద్దున ఆమె ఎవరితో పోతుంది?

బుచ్చన్న గట్టిగా మొదలుపెట్టాడు. ఈ ఊళ్లో రాజయ్య ఎవరెవర్ని మతంలో కలవమన్నాడో లేచి చెప్పండన్నాడు. ఒకామె లేచింది. తాను మూడుసార్లు అడిగితే వద్దన్నాడని చెప్పింది. ఇంకొకాయన లేచి, తనను గేటు కూడా దాటనివ్వలేదని ఫిర్యాదు చేశాడు. ఆ తర్వాత ఒక ముసలాయన లేచి, తనకు నడుం నొప్పి తగ్గలేదు కాబట్టి ఈ జన్మలో రాయడేమోనని బాధపడ్డాడు. నోటుబుక్కు తెప్పించి తెరిస్తే దోమ కనిపించింది.

బుచ్చన్నకు ఏ వైపునుంచి కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చివరికి, "అంటె మా ఊరోళ్లు నీకు పనికిరారా రాజయ్యా?" అన్నాడు.

జనం నవ్వారు. బుచ్చన్న తేరుకుని, ముందే రాసి తెచ్చిన కాగితం తీశాడు. ఈ ఊరివాళ్ల పేర్లు ఎన్నటికీ రాసుకోనని దాంట్లో ఉంది. సంతకం పెడితే గొడవ లేదు, లేకుంటే రేపటినుంచి వెలి.

శోభకు ప్రాణం లేచివచ్చింది. ఇంతకంటే తేలికైన సంతకం లోకంలో ఉంటుందా? పదకొండేళ్లనుంచి చేస్తున్నదే రాసివ్వమంటున్నారు.

రాజయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. రెండుసార్లు చదివాడు. మడిచి తిరిగి ఇచ్చాడు.

"గిది రాసియ్య."

"నువ్వెట్లనన్న రాస్తలెవ్వు గద?"

"రాస్తలేను. కానీ రాయనని రాసియ్య."

శోభ లేచి నిలబడింది. "కాకా, పొద్దుగాల పట్నం పోవాలె. మా ఆయన పాణం నీ సంతకం మీదున్నది. పెట్టు."

ఆయన ఆమెవైపు తిరిగాడు. అంత చిన్నబోయిన రాజయ్యను ఆమె ఎప్పుడూ చూడలేదు.

"బిడ్డా, మునిగేటోళ్లు ఏది దొరికితె గది పట్టుకుంటరు. గప్పుడు నేను పేరు రాసుకుంటె గుంజుకున్నట్టు. గందుకే రాయలే. కానీ రేపు నువ్వు ఒడ్డుకెక్కి, కడుపుల బుక్కెడు బువ్వ వడ్డంక, నిమ్మలంగ కూసోని ఆలోచించి, రాయి కాకా అంటవనుకో. గప్పుడు వద్దనే హక్కు నాకు లేదు. బుచ్చన్నకు లేదు. మీ ఆయనకు సుత లేదు. నాది గాని హక్కును నేనెట్ల రాసియ్యాలె?"

శోభ మెల్లగా కూర్చుంది. పొద్దుటి ప్రయాణం ఆమె మరిచిపోలేదు. ఆరుసార్లు తనను తిప్పి పంపిన ఈ ముసలాయన అన్నాళ్లూ తన సొమ్మైన ఆ హక్కునే ఎవరూ ముట్టకుండా కాపలా కాశాడని తెలిశాక, సంతకం పెట్టమని రెండోసారి అనడానికి ఆమెకు నోరు రాలేదు.

బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు. వెలి మాట పెదవులదాకా వచ్చింది. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి వెంకటవ్వ కర్ర ఆనించుకుని లేచింది.

"బుచ్చన్నా, రేపటిసంది గీయినెతోని మాట్లాడొద్దంటవు. మంచిదే. కొడుకు అచ్చినంక ఎములాడకు మల్ల పోవాలె. నన్ను నువ్వు తోల్కపోతవా? తొవ్వల నాలుగుపాలి దిగుత. చెప్పులు పట్టుకోని నిలవడాలె."

బుచ్చన్న వెంకటవ్వను చూశాడు. ఆమె మోకాళ్లను చూశాడు. బయట నిలబెట్టిన తన కొత్త బండిని చూశాడు. నీళ్లు తాగొస్తానని లేచి వెళ్లి, తిరిగి రాలేదు. కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది. వెలి ఉన్నదో లేదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున శోభ రాజయ్య మోపెడ్ ఎక్కి కిరాణా కొట్టు ముందునుంచే బస్టాండుకు పోయింది. బుచ్చన్న తల వంచుకుని ఒకే పెసలసంచి మూతి మూడుసార్లు కట్టాడు.

రెండు నెలలకు కరుణాకర్ వచ్చాడు. సగమై వచ్చాడు. వెంకటవ్వ రాజన్న తెచ్చాడంది. శోభకు వేరే బాధ పట్టుకుంది. ఇప్పుడు పేరు రాయించుకోవాలా వద్దా అని తనను తాను అడిగితే, లోపలినుంచి ఏ జవాబూ రావడంలేదు. ఆ మొహంతో ఆయన ముందుకు ఎలా పోవడం? పది రోజులు ప్రార్థన గది ఉన్న వీధి వదిలేసి చుట్టుదారిన తిరిగింది.

పదకొండో రోజు రాజయ్యే వచ్చాడు. మంచంలో కూర్చుని, వెంకటవ్వ ఇచ్చిన కల్లు తాగి, కరుణాకర్ చెయ్యి నొక్కి చూసి, రోజూ గుడ్లు తినిపించమని శోభకు చెప్పాడు. శోభ ఇక దాచుకోలేక, "కాకా, నాకు ఇంక ఏం తెలుస్తలేదు. నేను రాకపోతె నీకు కోపం రాదా?" అంది.

"రాను అనబుద్ధయితుందా?"

"అయితుంది. ఒక్కోపాలి వస్త అని సుత అనబుద్ధయితుంది."

రాజయ్య మీసాల మీది కల్లు తుడుచుకుని హాయిగా నవ్వాడు. "ఇగ మంచిగైనవు బిడ్డా. తొందరేం లేదు."

అంతా సవ్యంగా ముగిసేదే. కానీ కరుణాకర్‌కు కళ్లు చెమర్చాయి. లేచివచ్చి రాజయ్య ముందు చేతులు జోడించాడు. "కాకా, నీ రుణం ఎట్లనన్న తీర్చుకోవాలె. నా పేరు రాయి."

రాజయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "రుణమా? రుణం జ్వరం కంటె చెడ్డది. గది తగ్గినంక రా." అంటూనే చెప్పులు వెతుక్కుని వాకిట్లోకి పడ్డాడు. మోపెడ్ కిక్కు కొట్టాడు. అది కదలలేదు. మళ్లీ కొట్టాడు. కరుణాకర్ వెనకనుంచి తోస్తూ, తోస్తూనే రాయమని బతిమాలుతూ, రాజయ్య ముందుకు వంగి వద్దంటూ, ఇద్దరూ వీధి చివరిదాకా పోయారు. అక్కడ ఎత్తు వచ్చింది. ఒక్కడివల్ల కావడంలేదని చూసి కొట్టులోంచి బుచ్చన్న దిగివచ్చి తానూ ఒక చెయ్యి వేశాడు. ఎవరు ఎటు పోతున్నారని అడగలేదు.